రామమందిరం పైకప్పుకు, రంగం (రంగూన్) సిపాయి ఫలకానికి విరాళాల విజ్ఞప్తి

గ్రామస్థులకు, ఆడపడుచులకు, అల్లుళ్ళకు, పని కోసం ఊరు దాటిన మా బిడ్డలందరికీ రామమందిరం కమిటీ నమస్కారాలు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మందిరం మీద కొబ్బరిచెట్లు పడి పెంకులన్నీ పొడైపోయిన సంగతి మీకు తెలుసు. అప్పటికప్పుడు కప్పిన రేకులే ఇప్పటికీ ఉన్నాయి. వానొస్తే భజన బృందం గోడవారకు జరగాల్సిందే. స్తంభాలు మాత్రం చెక్కుచెదరలేదు. అవి రంగం టేకు. బారువ, కళింగపట్నం రేవుల్లో స్టీమరెక్కి బర్మా వెళ్ళిన మన పెద్దలు అక్కడి బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసి పంపిన డబ్బుతో నిలబెట్టినవి. స్లాబు వేసేద్దామని కుర్రాళ్ళు అన్నారు. ఆ బరువు ఈ స్తంభాలు ఆపవని మేస్త్రీ చెప్పాడు. వాటిని పీకడానికి మాకు మనసొప్పలేదు. అందుకే కొత్త దూలాలు, వాసాలు, పెంకులే వేయిస్తున్నాం.

ఆ పనితో పాటే ఒక రాయి నిలపాలనుకున్నాం.

మన వీధి కుర్రాడొకడు పన్నెండేళ్ళ వయసులో తండ్రి వెంట రంగం వెళ్ళాడు. 1941లో శ్రీరామనవమి పందిరికని అయిదు రూపాయలు మనియార్డరు పంపాడు. ఆ కూపను ఇంటివారు రేకు పెట్టెలో దాచారు. ఒక అంచు పురుగు తినేసినా "పందిరికి" అన్న మాటా, వంకర టింకర సంతకమూ చదవడానికి వస్తాయి. ఆ ఏడాది డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. అయిదు లక్షల దాకా భారతీయులు బర్మా వదిలి వచ్చారు. చాలామందికి అడవి దారుల్లో కాలినడకే గతి. తండ్రి ఊరు చేరాడు. దారిలో జ్వరం తగిలి వెనకబడ్డ కొడుకు మళ్ళీ రంగూన్ పోయాడని తర్వాత తెలిసింది.

1944 జనవరిలో సుభాష్ చంద్రబోస్ బ్రిటిష్ వాళ్ళ మీద పోరుకు పెట్టిన ఆజాద్ హింద్ ప్రభుత్వాన్ని రంగూన్‌కు మార్చారు. మనవాడు ఆ ప్రభుత్వపు సైన్యంలో చేరాడు. 1945 ఫిబ్రవరిలో పగాన్ దగ్గర ఐరావతి నది ఒడ్డున జరిగిన పోరులో చనిపోయాడు. ఇరవయ్యో ఏడు కూడా నిండలేదు. నది దాటి వచ్చిన బ్రిటిష్ సేనలోనూ భారతీయులే ఎక్కువ. యుద్ధం ముగిశాక తిరిగొచ్చిన తోటివాడొకడు ఇంటికి వచ్చి ఈ కబురు చెప్పాడు. రంగూన్ దగ్గర టౌక్యాన్‌లో, సమాధి కూడా దొరకని బ్రిటిష్ పక్షపు సైనికులు దాదాపు 27,000 మంది పేర్లు రాళ్ళ మీద చెక్కి ఉన్నాయి. ఆజాద్ హింద్ వాళ్ళకు అక్కడ చోటు లేదు. మనవాడి పేరు మన ఊళ్ళో కూడా లేకపోతే ఎలా?

గుళ్ళో మనిషి పేరు ఉండటమేమిటని కొందరు పెద్దలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఫలకం లోపల కాదు, వీధి వైపు అరుగు మీద పెడతాం. దానికి పూజలు, దండలు ఉండవు. పేరు కరపత్రంలో వద్దు, రాయి మీదే ఉండనీ అని ఇంటివారు కోరారు. ఏ పార్టీ నాయకుడి పేరూ ఆ రాయి మీద రాయించం. ముందే చెప్తున్నాం, తర్వాత మాట రాకూడదు.

ఎంత ఇవ్వాలన్న నియమం లేదు. 116 రూపాయలైనా రశీదు రాస్తాం, లెక్కలు ప్రతి ఏకాదశికీ మందిరం గోడకు అంటిస్తాం. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. డయాలసిస్‌కు తిరుగుతున్న ఇళ్ళకు చందా పుస్తకం పట్టుకుని ఎవరూ వెళ్ళరు. వాళ్ళు ఇస్తామన్నా ఇప్పుడు వద్దంటాం. గుజరాత్ వెరావల్‌లో చేపల బోట్ల మీద ఉన్నవాళ్ళు, చెన్నై, హైదరాబాద్, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు మాత్రం కాస్త పెద్ద చెయ్యి వేయాలి. వచ్చే నవమికి కల్యాణం కొత్త కప్పు కిందే జరగాలని మా పట్టుదల.

డబ్బు ఇవ్వలేనివారు కూలి పనికి రావచ్చు, పెంకులు అందించడానికి మనుషులు కావాలి. ధాన్యమో జీడిపప్పో కొబ్బరికాయలో ఇచ్చేవారు కోశాధికారికి కబురు చేస్తే ట్రాక్టరు ఇంటి ముందుకే పంపుతాం.

ఇట్లు,
రామమందిరం కమిటీ
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా