చిగురు నెత్తురు ఆగాకే స్క్రూ పన్ను

ఒంగోల్లోని మా క్లినిక్‌కు వచ్చేవాళ్ళందరికీ ఒక సంగతి ముందే చెప్తున్నాను. వచ్చే నెల నుంచి చిగుళ్ళలో నెత్తురు కారుతున్నవాళ్ళకు ఇంప్లాంట్, అదే ఎముకలో బిగించే స్క్రూ పన్ను, వెంటనే పెట్టం. పాచి, గార తీసి, చిగుళ్ళు కుదుటపడ్డాయో లేదో చిగురు సందు లోతు కొలిచి చూశాకే పెడతాం. ఆలస్యమవుతుంది, ఖర్చూ కొంత పెరుగుతుంది. వేరేచోట ఈ వారమే పెడతామన్నారని కొందరు వెళ్ళిపోతారు. వెళ్ళనివ్వండి.

చిగురుకూ పంటికీ మధ్య సందులో గాలి ఆడదు. అలాంటి చోటే పెరిగే బ్యాక్టీరియా పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్. నోరు తిరగని పేరే గానీ గడుసుది. దాని తిండి ప్రొటీన్లు. వాటిని ముక్కలు చేసుకోవడానికి జింజిపెయిన్లనే ఎంజైములు వదులుతుంది. ఆ ఎంజైములు చిగురును దెబ్బతీస్తాయి, మన ఒంట్లో సూక్ష్మజీవులతో పోరాడే ప్రొటీన్లనూ తెగ్గొడతాయి. నెత్తురు కారితే దానికి పండగే, కావలసిన ఇనుము అందులోనే దొరుకుతుంది. ఈ బ్యాక్టీరియాను తరమడానికి వచ్చిన మన తెల్ల రక్తకణాలు వదిలే ఎంజైములు కూడా చిగురుకు గట్టితనమిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్‌నే కరిగిస్తాయి. వాపు ముదిరితే కింద ఎముక అరగడం మొదలవుతుంది.

లోహం పుచ్చదు కదా, ఇంప్లాంట్‌కు ఏమవుతుందిలే అంటారు. పుచ్చదు, నిజమే. కానీ సొంత పంటిని ఎముకకు కట్టి ఉంచే నార పోగులు ఇంప్లాంట్ చుట్టూ ఉండవు. ఇంప్లాంట్‌లోని టైటానియం లోహం నేరుగా ఎముకకే అతుక్కుంటుంది. స్వీడన్ డాక్టర్ బ్రోనెమార్క్ 1965లో మొదటిసారి మనిషికి పెట్టింది ఈ అతుకును నమ్ముకునే. అడ్డుకునే పోగులు లేవు కాబట్టి చిగురు వాపు ఎముక దాకా తొందరగా దిగుతుంది. చాలామందికి నొప్పి కూడా తెలియదు.

మనది పొగాకు జిల్లా కాబట్టి ఇంకోమాట. చుట్ట, సిగరెట్ తాగేవాళ్ళకు చిగుళ్ళ జబ్బు ఉన్నా నెత్తురు తక్కువ కారుతుంది. కారడం లేదు కాబట్టి బాగున్నట్టేనని అనుకోవద్దు. అందుకే అందరికీ కొలిచే చూస్తాం. షుగర్ ఉన్నవాళ్ళు ఈమధ్య చేయించుకున్న రిపోర్టు తెచ్చుకోండి.

మందుల షాపులో యాంటీబయాటిక్ కొని మింగితే సరిపోదా అని అడుగుతుంటారు. పాచి పొరలోకి మందు సరిగా దిగదు, గీకి తీయాల్సిందే. క్లీనింగ్ చేస్తే పళ్ళు కదులుతాయన్న భయమూ వద్దు. అప్పటికే వదులైన పన్నును గార పట్టి ఉంచుతుంది, అది తీశాక కదలిక బయటపడుతుంది, అంతే.

ఇప్పటికే మా దగ్గర ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్ళు ఒకసారి వచ్చి కొలిపించుకోండి. దానికి ఫీజు తీసుకోం. క్లీనింగ్ అవసరమైతే మాత్రం మామూలు రేటే.