డిశ్చార్జి సమ్మరీలో మత్తు వివరాలు ఎందుకు రాయరు?

సంపాదకుల వారికి నమస్కారం.

ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వెళ్లేటప్పుడు పేషెంట్ చేతిలో పెట్టే డిశ్చార్జి సమ్మరీ గురించి ఈ ఉత్తరం. అందులో ఏ ఆపరేషన్ చేశారో ఉంటుంది, కుట్లు ఎప్పుడు తీయించుకోవాలో ఉంటుంది, మాత్రలు పొద్దున ఎన్ని, రాత్రి ఎన్ని అన్నదీ ఉంటుంది. మత్తు సంగతికొచ్చేసరికి 'అండర్ జీఏ' అని రెండు ముక్కలు. పూర్తి మత్తు ఇచ్చామని అర్థం, అంతే. ఏ మందులిచ్చారు, గొంతులో ట్యూబ్ తేలిగ్గా దిగిందా, చివర్లో మనిషి తనంతట తాను ఊపిరి తీసుకోవడానికి ఎంతసేపు పట్టింది అన్నవి మత్తు డాక్టరు నింపే షీటులో ఉంటాయి. ఆ షీటు కేస్ షీటుతోపాటు రికార్డు రూములోకి వెళ్లిపోతుంది.

నేను ప్రభుత్వాసుపత్రి థియేటర్‌లో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఆ రెండు ముక్కలు ఎందుకు చాలవో తెలియాలంటే, ట్యూబ్ వేసేటప్పుడు ఏం జరుగుతుందో కొంచెం చెప్పాలి.

ముందు మాస్కు పెట్టి కాసేపు ఆక్సిజన్ ఇస్తారు. తర్వాత ప్రొపొఫాల్ లాంటి నిద్రమందు. మనిషి నిద్రపోయినంత మాత్రాన ట్యూబ్ దిగదు, గొంతు బిగుసుకుంటుంది. అందుకే కండరాలను వదులు చేసే ఇంజెక్షన్ ఇంకొకటి ఇస్తారు. అన్నం తిని వచ్చిన ఎమర్జెన్సీ కేసుల్లో, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోకముందే ట్యూబ్ వేసేయాలి కాబట్టి, ఏళ్ల తరబడి వాడుతున్నది సక్సినైల్‌కోలిన్. థియేటర్‌లో అందరం స్కోలీన్ అనే అంటాం. అది ఎక్కగానే కనురెప్పలు, బుగ్గలు అదురుతాయి. ఆ అదురు మెడ మీదుగా ఛాతీకి, అక్కణ్నుంచి కాళ్ల వేళ్ల దాకా పాకి ఆగిపోతుంది. ఆగిందంటే ఒళ్లంతా వదిలేసినట్టే. ఇదంతా దాదాపు నిమిషంలో అయిపోతుంది. ఊపిరి కూడా ఆగుతుంది. ఆ వ్యవధిలోనే లారింగోస్కోపు అనే గొంతు చూసే పరికరంతో చూసి ట్యూబ్ వేసి, బ్యాగ్ నొక్కుతూ ఊపిరి అందిస్తారు.

మందు చౌక, పని వేగం. సాధారణంగా పది నిమిషాల్లోపే ప్రభావం పోతుంది కూడా. రక్తంలో ఉండే సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని విరిచేస్తుంది కాబట్టి. ఆ ఎంజైమ్ పుట్టుకతోనే లేనివాళ్లు, ఉన్నా సరిగా పనిచేయనివాళ్లు కొందరుంటారు. మామూలు రోజుల్లో వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. స్కోలీన్ పడిన రోజు మాత్రం గంటల తరబడి ఊపిరి రాదు. స్కోలీన్ ఆప్నియా అంటారు దీన్ని.

ఇదెక్కడి ఊసులే అనుకోకండి. మన తెలుగు వైశ్య కుటుంబాల్లో ఈ లోపం మిగతావాళ్లలో కంటే చాలా ఎక్కువ. వంద తరాలకు పైగా వాళ్లలో వాళ్లే పెళ్లిళ్లు చేసుకుంటూ రావడంతో ఆ జన్యువు అక్కడే తిరుగుతోంది. వాళ్లలో ఉన్న జన్యు మార్పు ఏదో 2006లోనే గుర్తించారు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న పరిశోధన ఒకటి 2017లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో వచ్చింది. వైశ్యుల్లో ఈ లోపం ఇతరుల కంటే సుమారు 100 రెట్లు ఎక్కువని అందులో రాశారు. మన మత్తు డాక్టర్లకు ఇదేం కొత్త కాదు. ఫిట్‌నెస్ చూసేటప్పుడు "మీరు వైశ్యులా అండీ?" అని అడిగి, ఔనంటే స్కోలీన్ పక్కన పెట్టి వేరే మందు తీస్తారు. "ఆపరేషన్‌కి మా కులంతో పనేంటండీ?" అని ఎదురు తిరిగినవాళ్లనూ చూశాను. దయచేసి కోప్పడకండి, మీ మంచికే అడుగుతారు.

అయినా కులం అడిగి సరిపెట్టుకునే పద్ధతి నాకు రుచించదు. యాక్సిడెంటై స్పృహ లేకుండా వచ్చిన మనిషిని ఏమని అడుగుతారు? పైగా ఈ లోపం ఒక్క కులానికి పరిమితం కాదు. పుట్టుకతో బాగానే ఉన్నవాళ్లలోనూ లివర్ జబ్బు వచ్చినా, గర్భంతో ఉన్నా ఎంజైమ్ కొంత తగ్గుతుంది. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి పురుగుమందులు ఒంట్లోకి పోతే అవి దెబ్బకొట్టేదీ దీన్నే. పత్తికీ మిర్చికీ మందు కొట్టే మా పల్నాడు వైపు ఈ సంగతి ఇంకా పట్టించుకోవాలి.

మా వీధిలో ఒక అమ్మాయికి ప్రైవేటు ఆస్పత్రిలో అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. ఆపరేషన్ గంటలోపే ముగిసింది. పిల్ల ఊపిరి తీసుకోవడం లేదు. బయట తల్లిదండ్రులకు "మత్తు ఇంకా దిగలేదు, టెన్షన్ పడకండి" అన్నారు. నిజానికి లోపల మత్తు డాక్టరు చేసిన పని మెచ్చుకోదగ్గది. మణికట్టు దగ్గర నర్వ్ స్టిమ్యులేటర్ పెట్టి నరానికి కరెంటిస్తే బొటనవేలు కదల్లేదు, అంటే కండరాలు ఇంకా వదులుగానే ఉన్నాయి. స్కోలీనే అని గుర్తుపట్టి, ట్యూబ్ తీయకుండా వెంటిలేటర్ మీద ఉంచి, నిద్రమందు కొనసాగించారు. ఇది చాలా ముఖ్యం. నిద్రమందు ఆపేస్తే మనిషికి మెలకువ వస్తుంది, అన్నీ వినపడతాయి, కనురెప్ప కూడా కదపలేరు. అంతకంటే నరకం ఉండదు. రాత్రికి పిల్ల మామూలుగా ఊపిరి తీసుకుంది. మూడో రోజు ఇంటికొచ్చింది.

డిశ్చార్జి సమ్మరీ తెచ్చి నాకు చూపించారు. 'అండర్ జీఏ'. ఇంకొక్క అక్షరం లేదు. వెళ్లి అడిగితే "ఇప్పుడు బాగానే ఉందిగా సిస్టర్" అన్నారు. రేపు ఆ అమ్మాయికి పెళ్లై, వేరే ఊళ్లో అర్ధరాత్రి సిజేరియన్ అవసరమై, వెన్నులో మత్తు ఇచ్చే వీలు లేక ట్యూబ్ వేయాల్సి వస్తే అక్కడి డాక్టరుకు ఎవరు చెప్తారు? లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ కలిసి వస్తే, తోడబుట్టినవాళ్లకు ఉండే అవకాశం నలుగురిలో ఒకరికి. ఆమె తమ్ముడికి రక్తపరీక్ష చేయించమని కూడా ఎవరూ అనలేదు. సీరం కోలినెస్టరేజ్ పరీక్ష పెద్ద ల్యాబుల్లో దొరుకుతుంది. ముందే తెలిస్తే కండరాలను వదులు చేసే ఇంకో మందు రోక్యురోనియం వాడతారు, అవసరమైతే దానికి విరుగుడు సుగమ్మడెక్స్ ఉంది. దాచిపెట్టాల్సినంత సమస్యేమీ కాదు.

ట్యూబ్ దిగడం కష్టమైన కేసుల్లోనూ ఇదే తీరు. పేషెంట్‌ని కూర్చోబెట్టి, నోరు బాగా తెరిపించి, నాలుక బయట పెట్టించి, ట్యూబ్ దిగడం కష్టమవుతుందేమో ముందే అంచనా వేసే పరీక్షకు ప్రపంచమంతా మల్లంపాటి అనే పేరు. 1985లో దాన్ని ప్రచురించింది అమెరికాలో స్థిరపడిన మన తెలుగు డాక్టరు మల్లంపాటి శేషగిరిరావు గారు. పైసా ఖర్చు లేని పరీక్ష. ఆ గ్రేడు ఎంతో, ట్యూబ్ ఎన్నో ప్రయత్నానికి దిగిందో, ఏ పరికరంతో దిగిందో ఒక్క వాక్యం రాసి ఇస్తే తర్వాతి డాక్టరు ముందే సిద్ధమవుతారు.

రాసిస్తే కేసులవుతాయని డాక్టర్లు జంకుతారని తెలుసు. స్కోలీన్ ఆప్నియా డాక్టరు చేసిన తప్పు కాదు, పేషెంట్ ఒంట్లో ఉన్న లోపం. వైద్యులను క్రిమినల్ కేసులో ఇరికించాలంటే ఘోరమైన నిర్లక్ష్యం రుజువు కావాలని జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు 2005లోనే తేల్చింది. దాచిన షీటు కంటే రాసిచ్చిన కాగితమే డాక్టరుకూ రక్ష అని నా అభిప్రాయం.

రెండు రాష్ట్రాల ఆరోగ్యశాఖలూ చేయాల్సింది పెద్ద పనేం కాదు. ఆరోగ్యశ్రీలోనూ ఎన్టీఆర్ వైద్యసేవలోనూ ఉన్న ఆస్పత్రులు ఇచ్చే డిశ్చార్జి సమ్మరీలో మత్తుకు ఒక గడి పెట్టించాలి. వాడిన మందులు, ట్యూబ్ ఎలా దిగింది, ఊపిరి రావడానికి పట్టిన సమయం, మళ్లీ వాడకూడని మందు. ఆ గడి ఖాళీగా ఉంటే బిల్లు పాస్ చేయకూడదు, అప్పుడు గానీ కదలిక రాదు. ఆభా నంబరు (కేంద్రం ఇచ్చే డిజిటల్ ఆరోగ్య ఖాతా నంబరు) కింద రికార్డులు పెడుతున్న చోట ఇదీ పెట్టాలి. స్కోలీన్ ఆప్నియా వచ్చినవాళ్లకు పర్సులో పెట్టుకునే చిన్న కార్డు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఇవ్వాలి.

అది వచ్చేలోగా, ఆపరేషన్ తర్వాత ఎక్కువసేపు వెంటిలేటర్ మీద ఉంచారన్న సంగతి మీ ఇంట్లో ఎవరికైనా జరిగి ఉంటే, ఆ ఆస్పత్రికి వెళ్లి మత్తు షీటు కాపీ కావాలని రాతపూర్వకంగా అడగండి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. రికార్డులు మూడేళ్లే ఉంచాలన్నది నియమం, కాబట్టి ఆలస్యం చేయకండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
నరసరావుపేట, పల్నాడు జిల్లా