హ్యాండిల్ విరిగిందని చెప్పుకోనివ్వండి: హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ హోం మంత్రి గారికి,

నమస్కారాలు. నేను రాజమహేంద్రవరంలో ఇరవై రెండేళ్లుగా ఎలక్ట్రానిక్స్ రిపేరు షాపు నడుపుతున్నాను. ఒకప్పుడు రేడియోలు, టీవీలు వచ్చేవి. ఇప్పుడు మిక్సీలు, స్పీకర్లు, ఇన్వర్టర్లు. వాటి మధ్య అప్పుడప్పుడు సంచిలో చుట్టుకుని ఇంకో వస్తువు వస్తుంది. గేటు దగ్గర మన ఒంటి మీదుగా తిప్పే చేతి మెటల్ డిటెక్టర్ అది. తెచ్చేది సెక్యూరిటీ గార్డులు, ఎప్పుడైనా ఒక హోంగార్డు. దాదాపు అందరిదీ ఒకటే మాట: "హ్యాండిల్ విరిగిపోయింది బాబాయ్, ఎవరికీ తెలీకుండా అతికించి పెట్టు."

ఆ "ఎవరికీ తెలీకుండా" అన్న మాట గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను.

పోయిన ఎండాకాలంలో ఒక కుర్రాడు తెచ్చిన డిటెక్టర్ నాకు ఇంకా కళ్ల ముందే ఉంది. చేత్తో పట్టుకునే పిడి, ముందుండే వెడల్పాటి భాగం కలిసేచోట నల్ల టేపు చుట్టి ఉంది. టేపు విప్పితే లోపల ఇనుప తీగ, నాలుగు చుట్లు. బిగుతుగా ఉండాలని ఎవరో కట్టారు. ఇనుమును పసిగట్టాల్సిన దానికే ఇనుము కట్టారు. దాంతో అది స్విచ్ వేయగానే ఆగకుండా మోగేదట. ఆ మోత భరించలేక సెన్సిటివిటీ, అంటే లోహాన్ని పసిగట్టే శక్తి, పూర్తిగా తగ్గించేశారు. నా షాపు తాళాల గుత్తి ఆనించి చూశాను. మోగలేదు.

"ఇలా ఎన్నాళ్లయింది అబ్బాయ్?" అని అడిగాను.

"ఇరవై రోజులు బాబాయ్. పైవాళ్లకి చెప్తే జీతంలో పట్టుకుంటారు."

ఇరవై రోజులు ఆ గేటులోంచి ఎంతమంది వెళ్లి ఉంటారో అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ కుర్రాడి మీద నాకు కోపం రాలేదు. వచ్చే జీతం ఇంటి అద్దెకు, బియ్యానికే సరిపోయే మనిషి ఆ పని కాక ఇంకేం చేస్తాడు?

అయ్యా, డిటెక్టర్ ముందు భాగంలో రాగి తీగ చుట్ట ఉంటుంది. దానిలో కరెంటు మారుతూ పారుతుంటే చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. దగ్గరకు లోహం వస్తే ఆ క్షేత్రం కదులుతుంది, బీప్ మోగుతుంది. పిడిలో ఎక్కువ మోడళ్లకు 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. బ్యాటరీ మూత కోసం ప్లాస్టిక్‌ను కోస్తారు కాబట్టి బలహీనత అక్కడే మొదలవుతుంది. మూత రాకపోతే రూపాయి బిళ్లతోనో స్క్రూడ్రైవర్‌తోనో ఎత్తుతారు, అంచు పగులుతుంది. రోజంతా ఎండలో కుర్చీ మీద వదిలేస్తే ప్లాస్టిక్ పెళుసు బారుతుంది. ఆ తర్వాత ఒక్కసారి సిమెంటు నేల మీద పడితే చాలు. జనం తోసుకొస్తే దాన్నే కర్రలా అడ్డం పెట్టి నెట్టేవాళ్లను కూడా చూశాను. చేతికి తగిలించుకునే తాడు చాలావాటికి ఉండదు, ఉన్నా తెగిపోయి ఉంటుంది.

పూర్తిగా విరిగిన దానికంటే పగిలి ఊగుతున్నదే నన్ను ఎక్కువ భయపెడుతుంది. పిడి ఊగిన ప్రతిసారీ లోపలి సన్నటి వైర్లు వంగి వంగి ఒక్కో పోగూ తెగుతాయి. లైటు వెలుగుతూనే ఉంటుంది. నిలువుగా పట్టుకుంటే మోగుతుంది, కాస్త వాల్చి నడుము చుట్టూ తిప్పితే మోగదు. పట్టుకున్న మనిషికి మాత్రం అది పనిచేస్తున్నట్టే ఉంటుంది.

బాగుచేయడం పెద్ద పని కాదు. క్షణాల్లో అతికే జిగురు వద్దు, అది గాజులా గట్టిపడి మళ్లీ అక్కడే విరుగుతుంది. పగులును సాండ్ పేపరుతో గరుకు చేసి, రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ జిగురు పూసి, పైన పీవీసీ పైపు ముక్కను కోసి తొడిగి ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. బిగించాలంటే నైలాన్ టై వాడాలి, ఇనుప క్లిప్పులు, తీగలు వాడకూడదు. వైరు పోగులు తెగితే కొత్త వైరు సోల్డర్ చేయాలి. చివరగా ఒకే వస్తువును, ఒకే దూరంలో పెట్టి మోగుతుందో లేదో చూడాలి. రాగి తీగ చుట్ట ఉన్న భాగమే పగిలినా, ఆ పరీక్షలో తప్పినా దాన్ని డ్యూటీ నుంచి తీసేయాలి. బాంబు స్క్వాడ్ వాళ్లు నేల మీద తిప్పే పొడవాటి డిటెక్టర్లు మాత్రం మాలాంటి షాపులకు రాకూడదు, కంపెనీకే వెళ్లాలి.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2015 జూలై 14న, పుష్కరాల మొదటి రోజే ఇక్కడి ఘాట్ దగ్గర తొక్కిసలాటలో ప్రాణాలు పోయాయి. ఆ ప్రమాదానికి, డిటెక్టర్లకు సంబంధం లేదు, లేనిది నేను అంటగట్టను. కానీ గోదావరి గట్టున జనం ఒక్క నిమిషం ఆగితే వెనక ఎంత ఒత్తిడి వస్తుందో ఈ ఊరి వాళ్లకు తెలుసు. తనిఖీ గేటు దగ్గర డిటెక్టర్ మొరాయిస్తే లైన్ ఆగుతుంది, లేదా చూడకుండానే పంపేస్తారు. రెండూ మనకు వద్దు.

అందుకే అడుగుతున్నాను. డిటెక్టర్ విరిగితే అదే రోజు చెప్పిన వాళ్ల జీతంలో పైసా పట్టుకోకూడదని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వండి. ప్రైవేటు ఏజెన్సీలకూ ఇది వర్తించాలి. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద వాటికి లైసెన్సు ఇచ్చే అధికారి మీ శాఖవారే కదా. లైసెన్సు రెన్యువల్‌కు వచ్చినప్పుడు ఈ ఒక్క విషయం గట్టిగా అడగమనండి. ప్రతి గేటుకు ఒక స్పేర్ డిటెక్టర్, చేతి తాడు, నడుముకు తగిలించుకునే కవరు ఇప్పించండి. కొత్తవి కొనేటప్పుడు విడి పిడి, బ్యాటరీ మూత కూడా ఇవ్వాలని టెండరులోనే రాయించండి. డ్యూటీ ఎక్కే ముందు పరీక్షకని ఉంచిన ఒక లోహపు ముక్క మీద తిప్పి చూసి రిజిస్టరులో సంతకం పెట్టడం అర నిమిషం పని.

మా షాపుకు ఆదివారం సెలవు. హోంగార్డులకు, గార్డులకు పిడి ఎలా పట్టుకోవాలో, పగులు ఎలా గుర్తించాలో, ఎలా అతికించాలో చూపించమంటే ప్రతి ఆదివారం డబ్బు తీసుకోకుండా వస్తాను. జిగురు, పైపు ముక్కలు నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
ఒక రిపేరు షాపు మెకానిక్,
రాజమహేంద్రవరం