కాలనీ సంక్షేమ సంఘం, హనుమకొండ: 2024-25 వార్షిక నివేదిక

అధ్యక్షులకు, కార్యవర్గానికి, ఈ సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం. రానివాళ్లకు నివేదిక వాట్సాప్‌లో పెడతాం, అక్కడైనా చదువుతారని ఆశ.

వీధి దీపాలు, మోరీలు, పార్కు గేటు పనులు ఎప్పటిలాగే నడిచాయి. అవి మీ ఇళ్ల ముందే కనిపిస్తున్నాయి కాబట్టి పెంచి రాయను. ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవాల్సింది మన ఆకుకూరల కార్యక్రమం.

ఏప్రిల్‌లో పెట్టిన రక్తపరీక్షల శిబిరంలో మన ఆడవాళ్లలో చాలామందికి హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువ వచ్చింది, అంటే రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. పేపర్లో చదివినప్పుడు పట్టించుకోని మాట, సొంత రిపోర్టులో కనబడేసరికి అందరికీ టెన్షన్ పట్టుకుంది. మాత్రలు డాక్టర్లు రాశారు. తిండి సంగతి సంఘం చూడాలని అప్పుడే అనుకున్నాం.

భద్రకాళి గుళ్లో అమ్మవారిని శాకంబరిగా అలంకరించే ఆషాఢంలోనే, ఒక ఆదివారం కమ్యూనిటీ హాల్లో ఆకుకూరల భోజనం పెట్టుకున్నాం. పుంటికూర పచ్చడి, గంగవాయల కూర పప్పు, పొన్నగంటి వేపుడు, బచ్చలి పులుసు, మెంతికూర వేసిన సర్వపిండి. సర్వపిండి పిల్లలకే చాలలేదు, పెద్దలు గిన్నె అడుగున మాడిన చెక్కలతో సరిపెట్టుకున్నారు. మూడో గల్లీ అక్కలు పొద్దున ఆరింటికే వచ్చి టబ్బుల్లో కూర కడగడం మొదలుపెట్టారు. మొదటి నీళ్లు ఎర్రమట్టి రంగు, రెండోవి మసక, మూడోసారికి గానీ తేటపడలేదు. కడిగాకే తరగాలని, తరిగాక కడిగితే విటమిన్లు నీళ్లలో పోతాయని వాళ్లే అందరికీ చెప్పారు.

మన కాలనీలోనే ఉండే రిటైర్డ్ డాక్టరు గారు మాట్లాడినంతసేపూ హాల్లో ఫోన్లు మోగలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు రోజుకు సుమారు 100 గ్రాముల ఆకుకూర తినమంటుంది. ఆకుకూరలోని ఇనుము ఒంటికి అంత తేలిగ్గా పట్టదు, పైన నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది. భోజనం కాగానే చాయ్ తాగితే అదీ తగ్గుతుంది. (ఆ మాట విని కూడా బయట చాయ్ కోసం లైను కట్టినవాళ్లు ఎవరో నాకు తెలుసు.) విటమిన్ ఎ కంటిచూపుకు, ఫోలిక్ ఆమ్లం గర్భిణులకు, పీచు షుగర్ ఉన్నవాళ్లకు మేలు. కొంచెం నూనె వేసి వండితేనే ఆ విటమిన్ ఎ పదార్థం ఒంటికి బాగా అందుతుంది. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు పాలకూర ఎంత తినాలో డాక్టర్ని అడగాలి. రక్తం పలచబడే మందు వార్ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూర ఒక్కసారిగా పెంచకూడదు, తగ్గించకూడదు.

మళ్లీ పరీక్ష చేయించుకున్న కొందరికి హిమోగ్లోబిన్ పెరిగింది. మాత్రలూ వేసుకున్నారు కాబట్టి ఘనతంతా కూరదే అనను.

పార్కు వెనక మడిలో తోటకూర, మెంతి చల్లాం. మొదటి కోత నెల లోపే వచ్చింది. తర్వాత నీళ్లు లేవు. నల్లా కనెక్షన్ కోసం అర్జీ ఇచ్చాం, గుర్తు చేస్తూ ఉత్తరాలు రాశాం, సంబంధిత ఆఫీసులో ప్రతిసారీ ఫైలు పైన ఉందనే అంటున్నారు. పక్కన మోరీ నీళ్లున్నాయి కదా అని ఒకరు సలహా ఇచ్చారు. ఆ నీళ్లతో పెంచిన కూర తినొద్దనే కదా మనం సొంత మడి పెట్టుకున్నది! ఇక వాలంటీర్లు. గ్రూపులో బొటనవేలు చూపినవాళ్లలో సగం మంది వచ్చినా మడి ఎండేది కాదు. వాచ్‌మన్ కుటుంబమే బకెట్లతో నీళ్లు మోసింది.

వాళ్లకు, మూడో గల్లీ అక్కలకు, డాక్టరు గారికి, బియ్యం ఇచ్చిన సభ్యులకు, గిన్నెలు ఉచితంగా పంపిన టెంట్‌హౌస్ వాళ్లకు, హాలు ఊడ్చిన యువకులకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి. కోశాధికారి చదువుతారు, కాపీ నోటీసు బోర్డు మీద ఉంది. చందా బాకీలు ఈ నెలాఖరులోగా కట్టాలి.

తర్వాత కార్యవర్గ ఎన్నిక. మడి బాధ్యత తీసుకునేవాళ్లు పేర్లు ఇవ్వండి. గ్రూపులో కాదు, ఇక్కడే రిజిస్టర్‌లో, సంతకంతో.

ఇట్లు,
కార్యదర్శి