రక్షణ ఉపగ్రహాలకు పరాయి రాకెట్లు ఇక వద్దు: మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

నమస్కారాలు. రెండు ఉత్తరాలకు బదులు రానందున నలుగురి ముందూ రాస్తున్నాను.

నౌకాదళం కోసం చేసిన జీశాట్-7 ఉపగ్రహాన్ని 2013 ఆగస్టు 30న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి ఐరోపా రాకెట్ ఏరియాన్-5 మోసుకెళ్లింది. అంత బరువు అప్పటి మన జీఎస్ఎల్‌వీ రాకెట్ మోయలేదు కనుక అది తప్పలేదు. కానీ 2022లో రష్యా పేచీ పెట్టగానే ఇంటర్నెట్ ఉపగ్రహాల సంస్థ వన్‌వెబ్ వారి 36 ఉపగ్రహాలు కజకిస్తాన్‌లోని రష్యా ప్రయోగ కేంద్రం బైకనూర్‌లోనే చిక్కుబడిపోయాయి. ఒడ్డు కనబడని సముద్రంలో, రాత్రి డ్యూటీలో, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని ఉపగ్రహం ద్వారా వచ్చే ఆదేశం కోసం కూర్చునే మా అబ్బాయిలాంటి వారి భద్రత అలా మరొకరి ప్రయోగ వేదికపై ఆగిపోకూడదు.

2025 నవంబర్ 2న 4,410 కిలోల నౌకాదళ సమాచార ఉపగ్రహం సీఎంఎస్-03ను శ్రీహరికోట నుంచే మన భారీ రాకెట్ ఎల్‌వీఎం3 పంపింది కదా. కాబట్టి ఇకపై ఏ రక్షణ ఉపగ్రహాన్నీ విదేశీ రాకెట్‌పై పంపబోమని లిఖితపూర్వకంగా ప్రకటించండి; 2025 జనవరిలో ఆమోదించిన మూడో ప్రయోగ వేదిక పనులు ఎంతవరకు వచ్చాయో మూడు నెలలకోసారి ప్రజలకు తెలియజేయండి.

భవదీయుడు,
ఒక నావికుడి తండ్రి, విశాఖపట్నం