జనవరి 14న పునీత దేవసహాయాన్నీ తలచుకుందాం

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో కన్యాకుమారి యాత్ర గురించిన వ్యాసం చదివాను. వివేకానంద శిల, తిరువళ్లువర్ విగ్రహం, సూర్యోదయం అన్నీ ఉన్నాయి. ఇటు ఇరవై కిలోమీటర్ల దూరంలోనే నాగర్‌కోయిల్‌లో ఉన్న కోట్టార్ కతోలిక గుడి (చర్చి) మాట మాత్రం లేదు. ఫ్రాన్సిస్ శౌరి (ఫ్రాన్సిస్ జేవియర్) వారి పేరు మీద వెలసిన ఆ దేవాలయంలోనే పునీత (సెయింట్) దేవసహాయం సమాధి ఉంది. గురువూ (ఫాదరూ) కాదు, మఠవాసీ కాదు, ఇల్లూ ఇల్లాలూ ఉన్న మామూలు సంసారి. మన దేశంలో అలాంటి మనిషికి పునీత పట్టం దక్కడం ఆయనతోనే మొదలు. 2022 మే 15న పోప్ ఫ్రాన్సిస్ ప్రకటించారు.

ఆయన అసలు పేరు నీలకంఠ పిళ్లై. 1712లో నట్టాలంలో పుట్టి, తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ కొలువులో ఉద్యోగం చేశారు. 1741లో కొళచ్చల్ యుద్ధంలో ఓడి పట్టుబడి, తర్వాత ఆ రాజు సైన్యానికే శిక్షణ ఇచ్చిన డచ్చి అధికారి డెలనాయ్ ఆయనకు స్నేహితుడు. ఆస్తి నష్టమై దిగులుపడుతుంటే సర్వం పోయినా దేవుణ్ని విడువని యోబు కథ బైబిల్లోంచి డెలనాయ్ చెప్పాడంటారు. 1745లో వడక్కన్‌కుళంలో జ్ఞానస్నానం పొంది, క్రైస్తవుడై దేవసహాయం అయ్యారు. కులం ఏదైనా మనుషులంతా సమానమేనని చెప్పడం పై కులాల పెద్దలకు గిట్టలేదు. 1749లో బంధించారు. దున్నపోతు మీద వెనక్కి తిప్పి కూర్చోబెట్టి ఊళ్ల వెంట తిప్పారు. కొరడా దెబ్బల మీద మిరియాల పొడి రుద్ది ఎండలో ఉంచారు. చివరికి 1752 జనవరి 14న ఆరల్వాయ్‌మొళి దగ్గర కాట్టాడిమలై కొండ మీద కాల్చి చంపారు.

వేళాంకణి మొక్కు తీర్చుకుని అటు నుంచి మేమూ ఆ కొండకు వెళ్లాం. అక్కడ ఒక బండ ఉంది, చిన్న రాయి తీసుకుని కొడితే కంచులా ఖంగుమంటుంది. ఆయన ప్రాణం పోయినప్పుడు అది మోగిందని అక్కడివాళ్ల నమ్మకం. మా మనవరాలు కొట్టి, చెవి ఆనించి విని, "ఈయన గురించి మాకు ఎవరూ చెప్పలేదేంటి అమ్మమ్మా?" అంది. నిజమే, ఎవరూ చెప్పలేదు. శౌరయ్య, జోజప్ప, ఇన్నయ్య, చిన్నప్ప అని పునీతుల పేర్లు ఇంటింటా పెట్టుకునే మా ఊళ్లలో ఈయన పటం ఒక్క ఇంట్లోనూ చూడలేదు.

చెప్పాల్సిన అవసరం మాత్రం మనకే ఎక్కువ. ఆయన జ్ఞానస్నానం పొందిన వడక్కన్‌కుళంలోనే తర్వాతి కాలంలో కులానికో వైపు కూర్చునేలా గుడి మధ్య గోడ కట్టారు. 1910లో గానీ అది కూలలేదు. మన దగ్గర? మా విచారణలో (ఒక గురువు కింద ఉండే చర్చి పరిధిలో) ఈనాటికీ సమాధుల దొడ్డి రెండు భాగాలు. ఒకే పీటం ముందు సత్ప్రసాదం తీసుకున్నవాళ్లం, చనిపోయాక ఒకే మట్టిలో పడుకోలేమా? పునీతుడి పేరు చివర కులాన్ని సూచించే పిళ్లైని వాటికనే తీసేసింది. ఆ 2022లోనే ఆగస్టులో మన తెలుగువారు పూల అంతోని గారు పోప్‌ను ఎన్నుకునే పెద్దల్లో ఒకరిగా, అంటే కార్డినల్ అయ్యారు, దళితుల్లో ఆ హోదా పొందిన మొదటి వ్యక్తి. మేం ఎంతో సంబరపడ్డాం. ఆ సంబరం సమాధుల దొడ్డి దాకా రావాలి.

ఆయన పండుగ జనవరి 14. మనకు భోగో సంక్రాంతో ఆ రోజే కాబట్టి గుడిలో కూడా మరుగున పడిపోతోంది. పీఠాధిపతులకు (బిషప్పులకు) నా మనవి: ఆ ఉదయం పూజలో ఆయన కథ చెప్పించండి, కొత్తగా కట్టే దేవాలయాల్లో ఒక్కదానికైనా ఆయన పేరు పెట్టండి. మా ఊరి కొత్త గుడికి ఇంకా పేరు ఖరారు కాలేదు, విచారణ గురువులకు అర్జీ రాసిచ్చాను. మీరు కూడా సంక్రాంతి ప్రత్యేక పేజీల్లో ఆయనకు కాస్త చోటివ్వండి. కన్యాకుమారి వెళ్లే పాఠకుల కోసం కోట్టార్ గుడికి, కాట్టాడిమలైకి దారి కూడా వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
గుంటూరు జిల్లా