పొగ చూడటం నేర్పిన మాస్టారికి

ఐదు నెలల క్రితం కొన్న పాత డీజిల్ కారు గురించి కనిపించిన ప్రతివారి దగ్గరా ఏకరువు పెట్టి విసిగించాను. ఇప్పుడది బాగుపడింది. ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో మార్చలేదు. అందుకు కారణమైన ముగ్గురికి నలుగురి ముందూ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు. రాస్తే మాస్టారు ఊరుకోరు.

నా చేతికి వచ్చేటప్పటికే కారు 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. చదునైన రోడ్డు మీద బుద్ధిగానే నడిచేది. ఎత్తు ఎక్కేటప్పుడు నాలుగో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మాత్రం వెనక నల్లటి తెర లేచేది. వెనక వస్తున్న బండి లైట్లు అద్దంలో కనిపించకుండా పోయేవి. అంత పొగ వదిలినా బండికి ఊపు వచ్చేది కాదు. ముందు ఎక్కడో బుస్సుమని చప్పుడు. కాసేపటికి ఇంజన్ దీపం వెలిగేది, ఇక 3,000 ఆర్‌పీఎం దాటనని మొరాయించేది. ఒక షెడ్డులో బానెట్ ఎత్తి, రెండుసార్లు రేస్ చేయించి, టర్బో పోయిందని తేల్చారు. వాళ్లు చెప్పిన మొత్తం విన్నాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అంతకుముందే సొంత వైద్యంగా ఎయిర్ ఫిల్టర్ మార్చి, ట్యాంకులో ఏదో శుభ్రం చేసే మందు కూడా పోశాను. ఆ మందు సంగతి మాస్టారికి ఇంతవరకు చెప్పలేదు. ఇది చదివితే తెలిసిపోతుంది.

మాస్టారు మా సహోద్యోగికి మామగారు. జీవితమంతా డీజిల్ లారీల ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. ‘టర్బో పోయిందట, ఎక్కడ దొరుకుతుందండీ?’ అని ఫోను చేస్తే, ‘పొగ ఏ రంగు?’ అన్నారు. నల్లగా ఉందన్నాను. ‘ఎప్పుడు వస్తుంది? పొద్దున స్టార్ట్ చేసినప్పుడా, ఎత్తు ఎక్కేటప్పుడా, పల్లంలో యాక్సిలరేటర్ వదిలేసి మళ్లీ తొక్కినప్పుడా? ఆయిల్ తగ్గుతోందా? కూలెంట్ తగ్గుతోందా? వాసన ఎలా ఉంది?’ ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు. ‘అయితే బండి తేవద్దు. ఎత్తులు ఎక్కించకుండా నాలుగు రోజులు నడిపి, చూసి చెప్పు’ అని ఫోను పెట్టేశారు. దాచడం ఎందుకు, అప్పుడు కోపం వచ్చింది. రోగిని చూడకుండానే పంపేసిన వైద్యుడిలా అనిపించారు.

ఆ నాలుగు రోజుల్లో నేను చేసింది పెద్దగా ఏమీ లేదు. రోజూ చల్లటి ఇంజన్ మీద, ఆయిల్ మట్టం కొలిచే డిప్‌స్టిక్ తుడిచి చూశాను. కూలెంట్ సీసా మీద పెన్నుతో గీత పెట్టాను. మాస్టారు చెప్పినట్టు ఇంకొకరిని యాక్సిలరేటర్ తొక్కమని, సైలెన్సర్ గొట్టానికి జానెడు దూరంలో తెల్లటి పాత బనీను గుడ్డ పట్టుకున్నాను. గుడ్డ మీద పొడి మసి పడింది, వేలితో రుద్దితే రాలిపోయింది. దాని మధ్యలో అక్కడక్కడ ఆవగింజంత జిడ్డు చుక్కలు. అవి రాలలేదు, పాకాయి. ఆ గుడ్డ మడిచి తీసుకెళ్తే మాస్టారు కిటికీ దగ్గరికి వెళ్లి చాలాసేపు చూశారు. ‘ఇవి రెండు జబ్బులు. రెండూ ఒకటే అనుకుని టర్బో మీదకు తోసేశారు’ అన్నారు.

నల్ల పొగంటే డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదని. నీలం పొగంటే ఇంజన్ ఆయిల్ కాలుతోందని. తెల్ల పొగ అయితే కాలని డీజిల్ కావచ్చు, ఆవిరి కావచ్చు. డీజిల్ అయితే కళ్లు మండుతాయి, కూలెంట్ అయితే తియ్యటి వాసన వేస్తుంది, సీసాలో మట్టం దిగుతుంది. నా గీత దగ్గర మట్టం కదలలేదు కాబట్టి ఆ భయం అక్కడితో తీరింది.

రెండో కృతజ్ఞత మా సహోద్యోగికి. స్టీరింగ్ కింద పెట్టే చిన్న స్కానర్ ఇవ్వడమే కాక, ఒక సెలవురోజంతా తనే నడిపి నన్ను అంకెలు చూడమన్నాడు. లోపం కోడ్ పీ0299, అంటే టర్బో ఇవ్వాల్సినంత ఒత్తిడి రావడం లేదని. ఇంజన్ ఆపి తాళం మాత్రం తిప్పి చూస్తే ఒత్తిడి 100 కిలోపాస్కల్ చూపింది. బయటి గాలి ఒత్తిడి దాదాపు అంతే కాబట్టి సెన్సర్ అబద్ధం చెప్పడం లేదు. మూడో గేరులో పూర్తిగా తొక్కితే ఇంజన్ అడిగింది 220, వచ్చింది 140.

అంకెలు విన్నాకే మాస్టారు బండి తెమ్మన్నారు. ముందు టర్బో ముట్టుకోలేదు. స్టార్ట్ చేయించి, టర్బో ఒత్తిడిని అదుపుచేసే యాక్చుయేటర్ కడ్డీ కదులుతోందా అని చూశారు. కదిలింది, ఆపగానే వెనక్కి వచ్చింది. తరువాత ఇంజన్ చల్లారనిచ్చి, గాలి లోపలికి వెళ్లే గొట్టం ఊడదీసి టర్బో చక్రాన్ని నా వేళ్లతోనే పట్టి చూడమన్నారు. పక్కలకు కాస్త ఆడింది. నా గుండె జారింది. ‘అంత ఆడాలి. ఆ ఇరుసు ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతుంది. ముందుకూ వెనక్కూ లాగి చూడు’ అన్నారు. లాగితే కదల్లేదు. రెక్కలు గోడకు రాసుకున్న గీతలు లేవు.

అసలు దొంగ టర్బోకీ, అది పంపే వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్‌కీ మధ్య ఉన్న రబ్బరు హోస్. పైనుంచి చూస్తే కొత్తదానిలా ఉంది. కింద ఒకచోట మాత్రం దుమ్ము తడిసి నల్లగా అట్టకట్టింది. అక్కడ వంచితే వేలెడు పొడవున నోరు తెరిచింది. మామూలుగా మూసుకునే ఉంటుంది, ఒత్తిడి పెరిగితేనే తెరుచుకుంటుంది. అందుకే షెడ్డులో నిలబెట్టి రేస్ చేసినప్పుడు ఎవరికీ కనబడలేదు. గాలి కొలిచే సెన్సర్ టర్బోకి ముందే ఉంటుంది. అది కొలిచిన గాలికి లెక్కగా డీజిల్ పడుతుంది, ఆ గాలిలో కొంత దారిలోనే కారిపోతుంది. మిగిలిన డీజిల్ మసి అయ్యి నా వెనక వచ్చేవాళ్ల ముఖాన పడుతోంది. పోయిన ఒత్తిడి పూడ్చడానికి టర్బో ఇంకా వేగంగా తిరగాలి. మామూలుగానే నిమిషానికి 1,00,000 చుట్లకు పైగా తిరిగే వస్తువది. నేను పట్టుబట్టినట్టు కొత్త టర్బో వేసి అదే హోస్ ఉంచితే కొత్తదాన్నీ చంపేవాణ్ని.

ఇక జిడ్డు చుక్కలు. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ మూత వదులు చేస్తే లోపలి గాలి బలంగా తన్నుకొచ్చింది. ఆ గాలి బయటికి పోయే దారి అయిన బ్రీదర్ పూడిపోయింది. టర్బోలోని ఆయిల్ దానంతట అదే కిందికి దిగి, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులోకి చేరాలి. అక్కడ ఒత్తిడి పేరుకుంటే దిగలేదు, సీలు దాటి గాలిదారిలోకి వస్తుంది. టర్బో సీలు రబ్బరు ముక్క కాదని, పిస్టన్ రింగు లాంటిదని కూడా ఆరోజే తెలిసింది. ఆయిల్ మరీ ఎక్కువగా పడితే ఇంజన్ దాన్నే తాగి అదుపు తప్పుతుందని, తాళం తీసినా ఆగదని, మాన్యువల్ బండి అయితే పై గేరులో వేసి బ్రేకు బలంగా తొక్కి క్లచ్ వదిలి ఆపాలని హెచ్చరించారు. అది చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతులో సరదా లేదు.

మూడో కృతజ్ఞత హోస్ మార్చి, బ్రీదర్ కడిగి, కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్‌కు పట్టిన మసి శుభ్రం చేసిన కుర్రాడికి. పాత క్లాంపు సాగిందని తనంతట తనే గమనించి కొత్తది వేశాడు. ఆ తరువాత అదే గేరులో అలాగే తొక్కితే ఒత్తిడి 215. రెండు నెలలు, 2,500 కిలోమీటర్లు అయ్యాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మొదటి గీత దగ్గరే ఉంది.

మాస్టారు డబ్బు తీసుకోలేదు. ఆ చిరిగిన హోస్ అడిగి పుచ్చుకుని గోడకు మేకు కొట్టి తగిలించారు.

మాస్టారూ, మిమ్మల్ని మళ్లీ విసిగించక తప్పదు. పొద్దున చల్లటి ఇంజన్ మీద మాత్రమే తెల్ల పొగ, సుమారు 30 సెకన్లు. డీజిల్ వాసన, కళ్లు మండుతున్నాయి. కూలెంట్ గీత దగ్గరే ఉంది. మొదటి కొన్ని సెకన్లు ఇంజన్ మూడు సిలిండర్ల మీదే నడుస్తున్నట్టు వణుకుతోంది. చల్లటి సిలిండర్లను వేడిచేసే హీటర్ ప్లగ్గుల్లో ఒకటి పోయిందని నా అనుమానం. ఈసారి కొలిచాకే అడుగుతున్నాను, బండి తీసుకురావచ్చా?